అల్లుడి కెచప్

"ఏంట్రా అది?" చెస్టర్ చేతిలో పటకారు అలాగే ఆగిపోయింది.

అల్లుడు నార్బర్ట్ కోటు జేబులోంచి తీసింది కెచప్ పొట్లం. దాన్ని పళ్లతో చించి, మామగారు స్వయంగా చేసిచ్చిన హాట్‌డాగ్ మీద పిండుతున్నాడు. గసగసాల బన్ను, పచ్చటి ఆవముద్ద, ఉల్లిపాయ ముక్కలు, నిలువుగా చీల్చిన ఊరదోసకాయ, చిట్టి మిరపకాయలు. ఇంత చక్కటి సరంజామా మీద ఎర్రగా, జిగటగా ఆ దరిద్రం! బన్ను అంచు దాటి కాగితం మీదికి కారింది.

"ఓరి దేవుడా!" సిటీ బస్సు నడిపే లియోన్ తన హాట్‌డాగ్‌ని దూరంగా జరుపుకున్నాడు. వెనకున్న ఒకావిడ మొహం తిప్పేసుకుంది. షికాగోలో పసిపిల్లలు ఆ పని చేస్తే పోనీలే అంటారు. మీసాలొచ్చిన మగాడు చేస్తే చూసేవాళ్లకి కడుపులో తిప్పుతుంది మరి.

అదీ ఏ రోజున! మోకాళ్లు అరిగిపోయి ఇక నిలబడలేనని, చెస్టర్ తన కొట్టు అల్లుడికి అప్పజెప్పే రోజున. పాత ఖాతాదారులందర్నీ పిలిచాడు. తాళంచెవికి రిబ్బను కూడా కట్టి ఉంచాడు. కొట్లో బన్నులు వేడిచేసే ఆవిరిపెట్టె పక్కనే పెరిగిన కూతురు దనూటా నాకివ్వమని అడిగితే, "ఆడపిల్లవి, ఈ చాకిరీ నీకెందుకమ్మా?" అని నవ్వేశాడు.

"కాస్త తీపి తగిలితేగానీ నాకు ముద్ద దిగదు మామయ్యా," అంటూ నార్బర్ట్ పెద్ద ముక్క కొరికాడు. "కొట్టు నా చేతికొచ్చాక ప్రతి బల్ల మీదా ఓ కెచప్ సీసా పెట్టిస్తా." అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. మిరపకాయ ఘాటు కాబోలు.

"సీసాలా? నా బల్లల మీదా?" చెస్టర్ పటకారు విసిరికొట్టాడు.

"నోర్ముయ్! ముందది అవతల పారెయ్!" దనూటా మొగుడి మీద విరుచుకుపడింది. "ఇంతమందిలో మా నాన్న పరువు తీశావు కదయ్యా! నీ పక్కన నిలబడాలంటేనే రోతగా ఉంది."

"ఇతనికే ఇచ్చేట్టయితే చెప్పు చెస్టర్," అన్నాడు లియోన్. "రేపట్నుంచి ఇంటి దగ్గర్నుంచి క్యారేజీ తెచ్చుకుంటా."

"వీడికా? ఛీ! ఆ మూతి చూస్తుంటేనే డోకొస్తోంది. తుడుచుకోరా ముందు!" చెస్టర్ తాళంచెవి తీసి కూతురి చేతిలో పెట్టాడు. "ఇదిగో తల్లీ. కొట్టు నీదే. నువ్వు నా రక్తానివి, నీకు రుచి తెలుసు. వీణ్ణి మాత్రం పొయ్యి దగ్గరికి రానివ్వకు."

"నీ మాట దాటను నాన్నా," దనూటా కళ్లు తుడుచుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నార్బర్ట్ మిగిలిన ముక్క నోట్లో కుక్కుకుని, ఎవరూ పలకరించకుండానే బయటికి నడిచాడు.

కాసేపటికి చెత్తబుట్ట ఖాళీ చేయడానికి దనూటా వెనక సందులోకి వెళ్లింది. నార్బర్ట్ గోడకి చెయ్యానించి, వంగి, ఇంకా ఉమ్ముతూనే ఉన్నాడు. మొహం పాలిపోయింది. ఆమె అడుగుల చప్పుడికి తలెత్తాడు.

"ఛీ, నీకింకో ఉపాయమే దొరకలేదా?"