మూడో బకెట్టు

"అక్కా, ఇంకో బకెట్టు పెట్టు. తలనిండా సబ్బే ఉంది," అని స్నానాల గదిలోంచి కేకేశాడు తమ్ముడు. పట్నానికి రాబోయే ఇరవై ఏళ్ళకు ఎన్ని నీళ్ళు కావాలో లెక్కగట్టే ఇంజినీరు మరి. రెండు బకెట్లు ఆయనకు ఏ మూలకి?

"లోపల ఏనుగును గానీ తోముతున్నావా బావమరిదీ?" అన్నాడు వరండాలోంచి బావ.

"నవ్వకు బావా. మొన్న మీటింగులో మీ పేటను తెగ పొగిడాను. ఇక్కడ ఇంటికి నాలుగు బిందెలకు మించి వాడరని, జనం రెట్టింపైనా ఇంటికి అవే చాలని ప్లానులో రాశాను. పొదుపంటే మీదే."

బయట నవ్వు ఆగిపోయింది.

"పొదుపు కాదయ్యా. నాలుగో బిందె నిండేసరికి కుళాయి ఆగిపోతుంది. ఇంక వాడడానికేముంది?"

తలుపు సందులోంచి నిండు బకెట్టు లోపలికి జరిగింది.

"ఇదెక్కడిదక్కా?" అన్నాడు తమ్ముడు, గొంతు తగ్గించి.

"పక్కింటావిడది. పిల్లల బట్టలుతకడానికి దాచుకుంది. మాకు నీళ్ళు పెంచే ఆఫీసరు మా తమ్ముడేనని చెప్పానా, అడక్కముందే ఎత్తి ఇచ్చింది. మొహమాటపడక పోసుకో."

ముంచబోయిన చెంబు కింద పెట్టేశాడు. తువ్వాలుతో నురగ తుడుచుకుని, బట్టలు తగిలించుకుని, బకెట్టు తొణక్కుండా మోసుకెళ్ళి పక్కింటి గుమ్మంలో దించాడు.

"అయ్యో, వాడుకోలేదేం బాబూ? మాకు ఎప్పటినుంచి వదులుతారు నీళ్ళు?" అంది ఆవిడ, సంబరంగా.

చెవుల వెనక సబ్బు ఎండి బిగుసుకుంటోంది. అతను బకెట్టు పిడి వదల్లేదు, తలా ఎత్తలేదు.