నాలుగు వేలు దాటిన ముల్లు

"బండి ఆపు!" వెనక సీట్లోంచి అరిచాడు శంకరప్ప.

జంగప్ప ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. అప్పుడు చూసుకున్నాడు, కారు ఇంకా రెండో గేర్లోనే ఉంది.

"గా ముల్లు చూసినవా? నాలుగు వేలు దాటింది. మూడు వేలు దాటొద్దని చెప్పిన్నా లేదా? ఇంజన్ కాలబెడ్తవా?"

శంకరప్పది తాండూరులో బండల వ్యాపారం. ఇంజన్ నిమిషానికెన్ని చుట్లు తిరుగుతుందో చూపే ఆ మీటరును బొంబాయి నుంచి తెప్పించి నిన్ననే కారుకు పెట్టించాడు. ఈరోజే మొదటి ప్రయాణం.

జంగప్ప ఏమని చెబుతాడు? అనంతగిరి గుట్ట ఎక్కగానే చూపు ఆస్పత్రి గేటు మీదికి పోయింది. క్షయ జబ్బుతో భార్య భాగమ్మ అందులో చేరి మూడు నెలలు. ఆమె కనబడుతుందేమోనని చూస్తూ గేరు మార్చడం మరిచిపోయాడు. ఆమె పాలు, గుడ్లు ఈ నౌకరీ మీదే నడుస్తున్నాయి.

"వికారాబాద్‌ల జహూర్‌కు చూపిస్త. మీటరు సక్కగున్నదంటే నువ్వు అక్కడ్నే దిగిపో" అన్నాడు శంకరప్ప.

జహూర్ షెడ్డు చేరేదాకా జంగప్ప ముల్లును రెండు వేలు దాటనివ్వలేదు. మెకానిక్ జహూర్ సంగతంతా విని బానెట్ ఎత్తాడు.

"వదినెకు ఎట్లున్నది జంగన్నా? ఇంకా అనంతగిరి దవాఖానల్నేనా?"

"ఆ. జర నయమే."

శంకరప్ప తలెత్తి జంగప్పను చూశాడు.

జహూర్ కాయిల్ దగ్గర ఒక తీగను పట్టుకున్నాడు. "సేట్, మీటరుకు లెక్క చెప్పేది గీ తీగనే. ప్లగ్గుకు నిప్పు పోయినప్పుడల్లా గిదాంట్ల ఒక దెబ్బ పోతది. మీ ఇంజన్‌కు నాలుగు సిలిండర్లు, చుట్టుకు రెండు దెబ్బలు. మీటరు గా దెబ్బలు లెక్కవెట్టి ముల్లు తిప్పుతది."

"అయితే?"

"మీటరు ఎనక సిలిండర్ల స్విచ్చు ఉంటది. రెండు సిలిండర్ల మీద పెట్టిన్రు. అందుకే రెండు వేలను నాలుగు వేలని చూపింది."

స్క్రూడ్రైవర్‌తో డ్యాష్‌బోర్డు కిందికి దూరి కాసేపు కెలికి బయటికొచ్చాడు. "అయిపోయింది. ఫికర్ లేదు."

శంకరప్ప ముఖం చిన్నబోయింది. "ఊకెనే తిట్టిన జంగా. భార్య దవాఖానల ఉన్నదని ఒక్క మాటన్న చెప్పకపోతివి. వాపస్ పోయేటప్పుడు గేటుకాడ ఆపు, చూసిరా." అంటూ చాయ్ తాగడానికి ఎదురుగా ఉన్న హోటలుకు నడిచాడు.

జంగప్పకు గుండె మీది బండ దిగినట్టయింది. జహూర్ చెయ్యి పట్టుకున్నాడు.

"తప్పు నాదే అనుకున్న భాయ్. గేటు దిక్కు చూసుకుంట గేరు మరిచిన. ఇంజన్ పాడుచేసిన్నేమోనని పానం పోయింది. నువ్వు స్విచ్చు చూడకపోతే నా నౌకరీ పోతుండె."

జహూర్ హోటలు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"గా మీటరుకు స్విచ్చే లేదు."