నుదుటి మీద చెయ్యి

"లోపలికి రాకండి బాబూ, ఆయన ఒళ్లు కాలిపోతోంది" అంటూ వెంకాయమ్మ పాక గుమ్మానికి అడ్డం నిలబడింది.

హెల్తు ఇన్‌స్పెక్టరు పాండురంగారావు అక్కడే ఆగిపోయాడు. పంతొమ్మిది వందల యాభై ఏడు ఎండాకాలం. మద్రాసులో ఓడ దిగిన కొత్త జ్వరం ఊళ్ల మీద పడిందని రేడియో చెబుతోంది. నూజివీడు తోటల్లో చూస్తే మామిడి కోత జోరు మీదుంది. కూలీలంతా చెట్ల కిందే కాపురం. ఇక్కడ అంటుకుంటే ఆపడం ఎవరి తరం?

ఉప్పునీళ్ల సీసా ఆమె చేతికిచ్చాడు. "మీ పెద్దిరాజు ఈ నీళ్లు గొంతు దాకా పుక్కిలించి, మళ్లీ ఇందులోనే ఉమ్మాలి. పెద్ద ల్యాబుకి పంపితే ఏ జ్వరమో తేలిపోద్ది."

"కొత్తదైతే ఏం చేస్తారండీ?"

"టౌన్లో షెడ్డుకి తీసుకెళ్లిపోతాం. నువ్వు కూడా రాకూడదు."

"కాకపోతే?"

"నీ మొగుడు నీ దగ్గరే ఉంటాడు. కానియ్యి, అవతల డబ్బాలో ఐసు కరిగిపోతోంది."

వెంకాయమ్మ లోపలికెళ్లింది. పుక్కిలించిన చప్పుడైంది. సీసా బయటికొచ్చింది.

పాండురంగారావు మనసు నిలవలేదు. జవాబు వచ్చేదాకా ఉండమని పెద్దిరాజుని తోట చివర కాపలా పాకలోకి మార్పించాడు. వెంకాయమ్మకి తుమ్మైనా లేదు. అందుకే ఆమెకో పని అప్పజెప్పాడు. పొద్దున్నే పాక పాకకీ వెళ్లి, నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, ఎవరికి వేడిగా ఉందో తనకి చెప్పాలి.

తిరిగింది, పాపం. పిల్లల ముక్కులు తుడిచింది. ముసలాళ్లకి గంజి తాగించింది.

"ఏమే, ఊరందరి నుదుళ్లూ తడుముతున్నావంట, నా నుదురేం పాపం చేసిందే?" అని పెద్దిరాజు దూరం నుంచే అరిచేవాడు.

జ్వరం మాత్రం ఆగలేదు. ఇవాళ ఈ పాకలో, రేపు ఆ పక్క పాకలో. కోసేవాళ్లు లేక కాయ చెట్టు మీదే పండి రాలుతోంది.

"మొగుణ్ణి దూరంగా పెట్టాం కదమ్మా! ఇంకా ఎక్కణ్ణుంచి వస్తోంది ఇది?" పాండురంగారావు తల పట్టుకున్నాడు.

"నాకేం తెలుసు బాబూ" అంది వెంకాయమ్మ, ఎటో చూస్తూ.

చివరికి టెలిగ్రాం వచ్చింది. దాన్ని పట్టుకుని జీపులో దిగాడు పాండురంగారావు.

"అనుకున్నంతా అయింది. సీసాలో ఉన్నది కొత్త జ్వరమే. పెద్దిరాజుని ఎక్కించండ్రా!"

"నాకు నెమ్మదించిందయ్యా, వదలండి!" పెద్దిరాజు గింజుకున్నాడు. బంట్రోతులు వినలేదు. ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని ఎక్కించేశారు.

వెంకాయమ్మ పరుగున వచ్చి జీపుకి అడ్డం పడింది.

"ఆయన్ని దింపండి బాబూ, ఆ నీళ్లు పుక్కిలించింది నేను!"