ఎర్రమట్టికి తగిన యంత్రం

ఫోన్ పెట్టేసి టామ్సిన్ వంటింట్లోనే ఒక గంతు వేసింది.

“రమ్మన్నారు! మేవిస్ గారు మనల్ని రమ్మన్నారు!”

“నిజంగా?” బ్రాడీ పొయ్యి మీది గుడ్ల సంగతే మరచిపోయాడు. “నిన్న బల్లరాట్ నుంచి వచ్చినాయన్ని గేటు దగ్గరి నుంచే పంపించేసిందట కదా, ఆవిడ?”

“ఆయన మనం కాదుగా!”

గుడ్లు మాడిపోయాయి. మాడినవాటినే ఒకే కంచంలో పెట్టుకుని ఇద్దరూ ఇష్టంగా తినేశారు.

పెళ్ళై ఇంకా నెల కాలేదు. టామ్సిన్ వేలికి ఉంగరం లేదు. కొన్న ఉంగరం వద్దనీ, తమ ఊరు డనాలీ చుట్టుపక్కల నేలలో తాము తవ్వి తీసిన బంగారంతోనే చేయించుకోవాలనీ ఇద్దరి పట్టుదల. అందాకా కొళాయికి వేసే ఇత్తడి రింగు ఒకటి ఆ వేలికి ఉంది. దానివల్ల వేలు పచ్చబడుతోంది. అది చూసినప్పుడల్లా టామ్సిన్‌కి నవ్వొస్తుంది. అత్తగారికి మాత్రం నవ్వు రాదు. క్రిస్మస్ లోపల బంగారం దొరక్కపోతే ఉంగరం తనే కొనిపెడతాననీ, దాన్ని నోరెత్తకుండా పెట్టుకోవాలనీ ఆవిడ గడువు పెట్టింది.

నేలలో బంగారం ఉంటే కూసి పట్టిచ్చే యంత్రం కోసం మొన్న ఇద్దరూ దుకాణానికి వెళ్ళారు. కొనగలిగినవేమో ఈ నేలకి పనికిరావు. పనికొచ్చేదాని ధర వింటే కళ్ళు తిరిగాయి. ఉసూరుమని తిరిగొస్తుంటే బేకరీ అద్దం మీద మేవిస్ అంటించిన చీటీ కనిపించింది. ‘మంచి యంత్రం ఉంది. తగిన మనుషులు కావాలి.’

మేవిస్‌కి ఎనభై దగ్గర పడుతున్నాయి. వయసులో ఉన్నప్పటి నుంచీ ఆవిడది బంగారం ఏరే చెయ్యి. ఎక్కడ ఏరుతుందో కట్టుకున్న మొగుడికి కూడా చెప్పలేదని ఊళ్ళో చెప్పుకుంటారు.

వాళ్ళు వెళ్ళేసరికి పెరట్లో ఆవిడ యంత్రాన్ని భుజానికి తగిలించుకునే నిలబడి ఉంది.

“దుకాణంలో ఏం చూశారు?”

“తేలికపాటిదండీ,” అన్నాడు బ్రాడీ. “ఇనుముకి కూయదట. మేకులు తవ్వుకునే బాధ ఉండదన్నాడు.”

“అమ్మేవాడు అనక ఏమంటాడు? ఇనుము వద్దనే యంత్రం లోతులో ఉన్న బంగారాన్ని కూడా వద్దంటుంది. పైగా మన ఎర్రమట్టి నిండా ఇనుపరాయే. దాని మీద ఆ బొమ్మని ఆడించావంటే పళ్ళొచ్చే పిల్లాడిలా పొద్దస్తమానం ఏడుస్తుంది.”

“మరి మీదండీ?”

“ఇది బరువు. మేకుకీ కూస్తుంది, సీసం గుండుకీ కూస్తుంది, బంగారానికీ కూస్తుంది. కూసిన చోటల్లా తవ్వాలి. అంతే, ఇంకో రహస్యం లేదు.”

టామ్సిన్ ఆశగా హెడ్‌ఫోన్ల మీద చెయ్యి వేసింది. మేవిస్ ఆ చేతిని పక్కకి నెట్టింది.

“ముందా రింగు తీసి జేబులో వేసుకో. దగ్గరికొస్తే దానికే కూసి చస్తుంది.”

తనే హెడ్‌ఫోన్లు పెట్టుకుని, యంత్రం కొసన పళ్ళెంలా ఉన్న కాయిల్‌ని నేలకి ఆనీ ఆనకుండా ఊపుతూ నాలుగడుగులు వేసింది. ఒకచోట ఆగి బూటుతో గీత గీసింది.

“అబ్బాయ్, తవ్వు.”

బ్రాడీ మోకాళ్ళ మీద కూర్చుని పికాసు ఎత్తాడు.

“పామును కొడుతున్నావా? గీకు!”

గీకాడు. తుప్పు మేకు దొరికింది. ఇంకోచోట తవ్వితే డబ్బా మూత. ఈసారి ఆవిడ గీత గీసిన చోట టామ్సిన్ వంగింది. పిడికెడు మట్టి తీసి అరచేతిలో నలిపితే బియ్యపుగింజంత పసుపు మెరిసింది. “బంగారం!” అని కేక పెట్టింది.

“నేను పాతిందేలే. ఇలా తే!” మేవిస్ లాగేసుకుంది.

టామ్సిన్ నవ్వుకుంటూనే గుంట పూడ్చి, అరచేత్తో చదును చేసింది. మేవిస్ అది గమనించింది.

“మీ కారు ఎక్కడానికి ఎత్తుగా ఉంటుందా?”

“లేదండీ. పాతది, చిన్నది.”

“మంచిదే. కొత్త కాపురం కదా, పొద్దున్నే లేస్తారా?”

బ్రాడీ చెవులు ఎర్రబడ్డాయి.

“నేను లేపుతానండీ,” అంది టామ్సిన్.

“ఎక్కడికెళ్ళారని పబ్బులో ఎవరైనా అడిగితే?”

“అత్తగారింటికంటాను.”

“అక్కడేమైనా దొరికిందా అంటే?”

“మా అత్తగారు తెలిసినవాళ్ళెవరూ ఆ మాట అడగరండీ.”

మేవిస్ పడీ పడీ నవ్వింది. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. కళ్ళు తుడుచుకుని, “సరే, కుదిరింది,” అంది.

బ్రాడీ గొంతు సవరించుకున్నాడు. “ధర ఏమాత్రం...”

“దొరికినదాంట్లో సగం నాకు, సగం మీకు.”

మొగుడూ పెళ్ళాలు మొహమొహాలు చూసుకున్నారు. చిల్లిగవ్వ చేతిలో పెట్టకుండా అంత గొప్ప యంత్రమా! టామ్సిన్ పరుగున వెళ్ళి మేవిస్‌ని వాటేసుకుంది.

“వదులు, వదులు, విరుగుతాను! రేపు ఆరింటికల్లా కారుతో ఇక్కడుండాలి. చెరో పికాసు తెచ్చుకోండి. శాండ్‌విచ్‌లు దండిగా కట్టుకురండి. ఎక్కడికని మాత్రం అడక్కండి, దారిలో చెబుతాను.”

“యంత్రం ఇప్పుడే పట్టుకెళ్ళమంటారా అండీ?” బ్రాడీ చేతులు చాచాడు. “సాయంత్రం కాస్త అలవాటు చేసుకుంటాం.”

మేవిస్ భుజం మీది పట్టీని ఇంకాస్త బిగించుకుంది.

“యంత్రం నాతోనే ఉంటుంది అబ్బాయ్, నాకు కరువైంది వంగి తవ్వే మోకాళ్ళు.”