జాజు బొట్టు

పరమేష్ చేసిన మోసాన్ని మారయ్య కాటికి పోయేదాకా మరిచిపోడు. పరాయివాడైతే ఉమ్మేసి ఊరుకునేవాడు. సొంత బామ్మర్ది, భార్య భద్రమ్మకు తోడబుట్టినవాడు.

పరమేష్ దొడ్డిలో పది గొర్రెలను, ఒక్కొక్కదాని నోరు తెరిచి పళ్లు తడిమి చూసుకున్నాడు మారయ్య. అన్నీ పడుచువే. బేరం తెగింది. నచ్చిన గొర్రె వీపున జాజుతో, ఆ ఎర్రమట్టితో, బొట్టు పెట్టడం వాళ్లింటి ఆనవాయితీ. బొట్టు పడ్డాక ఇక నోరు తెరిచి చూడరు. చీకటి పడిందని వాటిని అక్కడే వదిలి వచ్చాడు. తెల్లారి కొడుకు సురేశ్ ట్రాలీ కట్టుకుని పోయి పొద్దుగూకే వేళకు తోలుకొచ్చాడు. మారయ్యకు చూపు మసక, పైగా కొత్త గొర్రెల మొఖాలు ఇంకా మనసుకెక్కలేదు. బొట్లు చూసి మందలో కలిపేశాడు.

వారం తిరిగాక ఒకటి మేత నమలలేక నిలబడితే నోరు తెరిచాడు. పళ్లు మొదలంటా అరిగిపోయాయి. మిగతావీ అంతే. అన్నీ ముసలివే. రాత్రికి రాత్రే మార్చేశాడు బామ్మర్ది.

సురేశ్‌ది హైదరాబాద్ కంపెనీ కొలువు. లాక్‌డౌన్ నుంచి ఇంట్లోనే పని. కంప్యూటర్‌కు గుండెకాయలాంటి కర్నెల్‌లో, నెట్‌వర్క్ చూసుకునే భాగం రాస్తాడు. తండ్రి గోడు మొత్తం విని, ల్యాప్‌టాప్ మీటల మీది జాజు మరకను గోటితో గీకుతూ, మా దగ్గర కూడా గిట్లనే అయింది అన్నాడు. బయటి ప్రోగ్రాం ఇచ్చే సరుకు దాని సొంత జాగాలో ఉంటుంది. అదెంత పొడవుందో కర్నెల్ అక్కడే చూసి సరే అనుకుంది. మళ్లీ అక్కడికే పోయి లోపలికి తెచ్చుకుంది. ఆ సందులో అవతలివాడు పొడవు మార్చేశాడు. చిన్న జాగాలో పెద్ద సరుకు పడి చుట్టుపక్కల ఉన్నదాన్నంతా తొక్కేసింది.

"ముందుగాల మన దొడ్లెకు తెచ్చుకోవాలె బాపూ. తెచ్చినదాన్నే చూడాలె, చూసినదాన్నే వాడాలె. ఆడ చూసి, మళ్ల ఆడికెల్లే తెచ్చుకుంటే ఆగమైతం."

"గా తప్పు చేసినోన్ని ఏం జేసిన్రు?"

సురేశ్ గీకడం ఆపాడు. "తీసేసిన్రు."

"మంచిగ చేసిన్రు. గసొంటోనికి జీతమెందుకు?"

కొడుకు ల్యాప్‌టాప్ మూసేశాడు. నెలనెలా తండ్రి ఖాతాలో పడే అతని జీతం, బ్యాంకులో ఏదో తిరకాసట, ఈసారి నోట్లుగా చేతికే వచ్చింది. నలభై రెండు వేలు. అదే లేకుంటే ఈ నెల దాణాకు కూడా దిక్కులేకపోయేది.

కులపెద్దల ముందు పరమేష్ గొంగడి మీద చెయ్యేసి ప్రమాణం చేశాడు. బావ చూసినవే తోలిన అన్నాడు. ఎవరూ నమ్మలేదు. సురేశ్ తలెత్తలేదు. ఆ రోజుతో రాకపోకలు తెగాయి. భద్రమ్మకు పుట్టిల్లు లేకుండా పోయింది. ఆమె ఏడవను కూడా లేదు, పొయ్యి ముందు అట్లనే కూర్చుంది.

ముసలి గొర్రెలను ఎంతకో అంతకు వదిలించుకుందామని మారయ్య జడ్చర్ల సంతకు తోలాడు. బాలయ్య అనే బేరగాడు ఒకదాని చినిగిన చెవి పట్టి చూసి నవ్వాడు.

"ఇవి నాయే గదనే అన్నా. మొన్న పడుచువి నా దగ్గర పెట్టుకొని, ఇవి ఇచ్చి పంపిన. తేడా పైసలు చేతుల పెట్టిన."

మారయ్యకు సంతోషమూ కలగలేదు, కోపమూ రాలేదు. సాక్ష్యం దొరికింది, అంతే. పెద్దల ముందు పరమేష్‌ను నిలబెట్టాలంటే లెక్క పక్కాగా ఉండాలి.

"వానికి ఎంత ఇచ్చినవ్?"

బాలయ్య కాసేపు గుర్తు చేసుకున్నాడు.

"నలభై రెండు వేలు."