అక్క బండి హార్స్‌పవర్

“డెబ్బయ్యొకటి హార్స్‌పవర్ సార్,” అన్నాడు సతీశ్, ఇంజను బలం కొలిచే రోలర్ల మీద చక్రాలు ఆగాక.

దశరథ్ ముఖం వాడిపోయింది. మొన్న చౌటుప్పల్‌లో బామ్మర్ది దివాకర్ తన షెడ్డులో కొలిచి ఎనభై చూపించాడు. ఇంజను మొత్తం విప్పి కొత్త సామాను వేశానన్నాడు. తీరా నిన్న చెర్వుగట్టు గుట్ట ఎక్కుతుంటే బండి రొప్పింది. అందుకే నల్లగొండలో ఉన్న ఈ పాత శిష్యుడి దగ్గరికి తెచ్చాడు.

పోయిన భార్య సుచరిత నడిపిన కారు అది. ఆమె వైపు మిగిలింది దివాకర్ ఒక్కడే. కొత్త షెడ్డు కోసం హైవే పక్క జాగా అతని పేర రాయడానికి దశరథ్ ఒప్పుకున్నాడు. రేపే రిజిస్ట్రేషన్.

“సొంతోడే మోసం జేసిండు సతీశూ.”

“జర ఆగుండ్రి సార్. ఆయనది ఎసోంటి మిషన్?”

“చక్రాలూడదీసి ఇరుసుకు బిగిస్తడు.”

సతీశ్ నవ్వాడు. రోలర్ల మీద టైర్లు నలిగి, జారి కొంత బలం తినేస్తాయనీ, చక్రాలు తీసి కొలిస్తే అదే బండి ఎక్కువ చూపిస్తుందనీ విడమరిచి చెప్పాడు.

“గా నంబరు, గీ నంబరు పక్కపక్కన పెట్టొద్దు సార్. ఒకే మిషన్ మీద ముందు, ఎనక చూసుకోవాలె.”

దశరథ్‌కు సిగ్గేసింది. ఇంజను విప్పే రోజు దివాకర్ తనను షెడ్డులోకే రానివ్వలేదు. “అక్క బండి ముక్కలైతాంటే నువ్వు జూడలేవు బావా, ఇంటికి పో,” అన్నాడు. ఆ ఒక్క మాట తలుచుకుని ఎన్నిసార్లు కళ్లు తుడుచుకున్నాడో. అలాంటివాణ్ణి అనుమానించాడు.

ఫోన్ తీశాడు. “పొద్దున్నే వస్త దివాకర్. సంతకం జేద్దాం.”

“మంచిది బావా. బండిని ఇంకో మిషన్ ఎక్కియ్యకు, ఇంజను నలుగుతది.”

“ఎక్కియ్యలే,” అని చిన్న అబద్ధమాడి, తనలో తానే నవ్వుకున్నాడు.

చాయ్ వచ్చింది. మొదటి గుక్కకే ప్రాణం కుదుటపడింది. రిపేరుకు ముందు కూడా బండిని ఈ రోలర్ల మీదికే తెచ్చాడు. ఇంజను నీరసపడిందని సతీశ్ అంటే చాలనుకుని అప్పుడు నంబరే అడగలేదు.

“మా బామ్మర్ది ఎంత పెంచిండో జూపియ్యి,” అన్నాడు గర్వంగా.

“ముందుది పచ్చ గీత సార్, ఇయ్యాల్టిది ఎర్ర గీత,” అంటూ సతీశ్ మీట నొక్కాడు.

దశరథ్ కళ్లద్దాలు తుడుచుకుని తెర మీదికి వంగాడు.

ఎర్ర గీత సరిగ్గా పచ్చ గీత మీదే నడిచింది.