రెప్పపాటు జాతకం

“నేనింకా సరిగ్గా కూచోనేలేదు, అప్పుడే అయిపాయనా?” గోవిందప్ప లేచి నిలబడ్డాడు.

“అయింది గోవిందప్పా. రెండు జాతకాలూ బాగా కుదిరినాయి.” పట్టాభిరామ ప్రింటర్‌లోంచి కాగితం చింపి అందించాడు.

గోవిందప్ప చెయ్యి చాపలేదు. కూతురి జాతకం, పెండ్లికొడుకు జాతకం తువ్వాలులో చుట్టుకుని, బస్సులో నిలబడి పరగోడు నుంచి చింతామణిలోని ఈ కంప్యూటర్ జాతకాల కొట్టుకు వచ్చాడాయన.

“పోయినేడు పెద్దబిడ్డకు చూసినప్పుడు నీ మిషన్ ఎంతసేపు చూసింది! కరకరమని ఎంతగా ఆలోచించింది! మేం పోయి కాఫీ తాగొచ్చినా ఇంకా చూస్తానే ఉండె.”

“అప్పుడు ఫ్లాపీలు ఒకటి తీసి ఒకటి పెట్టాల్సి వచ్చేది. ఇప్పుడు బెంగళూరు ఇంజనీరును పిలిపించి కొత్త బోర్డు, హార్డ్ డిస్కు వేయించినా. అంతా లోపలే ఉండాది. రెప్పపాటులో చెప్పేస్తుంది.”

“బిడ్డ బతుకప్పా ఇది! రెప్పపాటులో చెప్పేదేనా?”

గోవిందప్ప జాతకాలు లాక్కుని వీధి దాటాడు. ఎదురు అరుగు మీద పంచాంగం చూసే రామకృష్ణయ్య ఉన్నాడు. ఊళ్లోకి కంప్యూటర్ వచ్చినప్పటి నుంచి ఆ అరుగు ఎక్కినవాళ్లు లేరు. ఇప్పుడు కాలు పెట్టే చోటు లేదు.

పట్టాభిరామ గుమ్మంలోంచి చూస్తున్నాడు. రామకృష్ణయ్య గోవిందప్ప ఇచ్చిన జాతకాల్లో ఒకదాన్ని ముక్కు దాకా తెచ్చుకున్నాడు. దూరంగా పట్టాడు. కండ్లు మూసుకుని నిట్టూర్చాడు.

“శానా సూక్ష్మంగా ఉండాది. ఆలోచించాల. సాయంత్రం రా నాయనా.”

గోవిందప్ప ఆయన కాళ్లకు దండం పెట్టాడు.

లోపలి నుంచి పట్టాభిరామ భార్య వనజమ్మ వచ్చింది. “పొద్దున జాతకం చూపించుకునేదానికి వచ్చిన చిక్కమ్మ కూడా అట్లే లేచిపాయె. మిషన్‌కు కోపమొచ్చిందేమో, మొగం చూడకుండానే పంపిస్తాండాది అనె. పాతదే మళ్లీ పెట్టించరాదా?”

“పాత బోర్డు ఇంజనీరు ఎత్తుకొని పాయె గదా!”

“అయితే కాగితం లోపలే పెట్టుకొని వచ్చినోళ్లను ఒక గంటసేపు కూచోబెట్టండి.”

“వేగం కోసం మన బట్టలంగట్లో సగం సరుకు అమ్మేసి దీన్ని బాగుచేయిస్తి. ఇప్పుడు నిదానంగా ఉన్నట్టు నాటకమాడాలా?” పట్టాభిరామ విసురుగా లోపలికొచ్చి కంప్యూటర్ మీద గుడ్డ కప్పాడు. ఇక జాతకాల కొట్టు మూసేసి బట్టలే అమ్ముకోవాలని వీధి తలుపు దగ్గరికి నడిచాడు.

అప్పుడే పెరటి తలుపు చప్పుడైంది. తీస్తే రామకృష్ణయ్య! చంకలో చిన్న మూట.

“స్వామీ, మీరా? ఇట్ల ఎనకవైపు నుంచా?”

“ముందరంతా జనముండారు గదప్పా.” ఆయన తడుముకుంటూ కుర్చీలో కూర్చున్నాడు. “నీ మిషన్ ఇప్పుడు మహా వేగమంట?”

పట్టాభిరామకు ఒళ్లు మండింది. “నా గిరాకీ అంతా మీ అరుగెక్కింది చాలదా? ఎగతాళి చేసేదానికి ఇంట్లోకి గూడా రావల్నా?”

“ఎగతాళి యాడిది నాయనా!” రామకృష్ణయ్య మూట విప్పి జాతకాలన్నీ బల్ల మీద పోశాడు. “వీటినన్నిటినీ బిర్నె, సాయంత్రంలోగా చూసి నా చెవిలో చెప్పు. నాకు పంచాంగంలో అక్షరాలు కనబడక శానా కాలమాయె.”